రెండో రివ్యూయర్ మహానుభావుడు

పరిశోధన పత్రాలు చదివి తప్పులు పట్టే పని ఉందే, అది జీతం బత్తెం లేని పని. మనం చేశామని ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా. దక్కేవి తిట్లు మాత్రమే. అవి కూడా మామూలుగా ఎక్కడో దూరాన పడతాయి కాబట్టి ఆ పని చేసేవాళ్ళు సుఖంగా అన్నం తిని పడుకుంటారు. నా జాతకం వేరు. మా ఇంట్లో, మా కుర్చీలో కూర్చుని, నేను కలిపిచ్చిన టీ తాగుతూ ఒకమ్మాయి నన్ను చెడామడా తిడుతుంటే ఎదురుగా కూర్చుని విన్నాను. మధ్యమధ్య తల కూడా ఊపాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతిది. నేనప్పుడు గుంటూరులో ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పురుగుల మీద పనిచేసేదాన్ని. వీధిలో అందరూ నన్ను పురుగుల మేడమ్ అనేవాళ్ళు. కూరగాయల బండివాడు కూడా "పురుగుల మేడమ్ గారూ, వంకాయలు పుచ్చుల్లేవండీ, మీరే చూసుకోండి" అని అరిచేవాడు. కాపురం చేసే ఆడదానికి ఇంతకంటే మంచి పేరు దొరకదా అని మా ఆయన బాధపడేవాడు.

హైదరాబాదు నుంచి ఒక పత్రిక వచ్చేది. సాగు శాస్త్రం పత్రిక. దాని సంపాదకుడు రిటైరైన పెద్దాయన. ఎవరైనా తమ పరిశోధన రాసి పంపిస్తే ఆయన దాన్ని ఆ విషయం తెలిసిన ఇద్దరికి పంపేవాడు. ఆ ఇద్దరూ చదివి వేసుకోవచ్చో, దిద్దించాలో, చెత్తబుట్టలో పడెయ్యాలో చెప్పాలి. రాసినవాళ్ళెవరో చదివేవాళ్ళకి తెలియకూడదు, చదివినవాళ్ళెవరో రాసినవాళ్ళకి తెలియకూడదు. అందుకని పెద్దాయన పేరు మీద తెల్లరంగు పూసి మరీ పోస్టు చేసేవాడు. ఒట్టి పూత. వెలుతురుకి ఎత్తిపడితే అక్షరాలు అవతల్నించి పలకరించేవి.

మా ఆయనకి అదో సరదా. కవరు రాగానే మొదటి కాగితం ట్యూబులైటుకి ఎత్తిపట్టి, "పేరు కనబడుతోందోయ్, చెప్పనా?" అనేవాడు.

"చెప్పారంటే రాత్రికి వంట మీరే."

బ్యాంకులో పెద్ద పెద్ద లెక్కలు చూసే మనిషి, గబుక్కున కాగితం కింద పెట్టేసేవాడు. నాకు ఆ విషయంలో పట్టుదల ఎక్కువ. పేరు చూస్తే మొహం గుర్తొస్తుంది, మొహం గుర్తొస్తే వాళ్ళింట్లో తిన్న గారెలు గుర్తొస్తాయి, ఇక తప్పులేం కనబడతాయి?

అలా వచ్చిందే ఆ పత్రం. పొదిలి దగ్గర ఒక రైతు చేలో మిరపకి వేపగింజల కషాయం కొట్టి చూశారు. తామర పురుగు పట్టి ఆకులు పైకి ముడుచుకుపోతాయే, మా వైపు పైముడత అంటారు, దానికి ఈ కషాయం పనిచేస్తుందా లేదా అని. ఇలాంటి ప్రయోగంలో కొన్ని సాళ్ళకి కషాయం కొడతారు, కొన్నిటికి బజారు మందు కొడతారు, కొన్నిటిని ఏ మందూ కొట్టకుండా వాటి ఖర్మకి వాటిని వదిలేస్తారు. ఆ వదిలేసిన సాళ్ళు పాడైపోతేనే కదా, మందు వల్ల మిగతావి బాగున్నాయని తెలిసేది. పాపం వాటి ఉద్యోగమే పాడైపోవడం.

రాత శుభ్రంగా ఉంది. పట్టికలు చక్కగా ఉన్నాయి. చదువుకుంటూ పోతున్నాను. మందు కొట్టని సాళ్ళలో ముడత పెరుగుతోంది, పెరుగుతోంది, పూత దశ వచ్చేసరికి ఉన్నట్టుండి తగ్గిపోయింది! కోతల నాటికి బజారు మందు కొట్టిన సాళ్ళతో సమానంగా నిగనిగలాడుతున్నాయి. ఇదేమిటయ్యా అంటే, "ప్రకృతిలోని మిత్రపురుగుల వల్ల కావచ్చు" అని రాసుంది కింద, అంటే వీటిని తినే వేరే పురుగులన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. తామర పురుగులకి హఠాత్తుగా వైరాగ్యం పుట్టి కాశీకి పోయాయనుకోవాలా?

నేను పుట్టిందీ మెట్టిందీ మిరప చేల మధ్యే. మా వైపు రైతు సంగతి నాకు తెలుసు. ఒంట్లో జ్వరం కాస్తుంటే తను మాత్ర వేసుకోడు గానీ, చేలో ఒక్క ఆకు ముడుచుకుంటే పంపు భుజానికెత్తుకుంటాడు. అలాంటివాడి కళ్ళెదురుగా కొన్ని సాళ్ళు పురుక్కి వదిలేసి, వీటిని ముట్టుకోకు అంటే ముట్టుకోకుండా ఉంటాడా! అందుకని తీరిగ్గా కూర్చుని రాసి పంపాను. మందు కొట్టని సాళ్ళకి ఎవరో మందు కొట్టారు, రచయిత వెళ్ళి ఆ రైతుని అడిగి రావాలి, అది తేలేదాకా ఈ పత్రం అచ్చు వెయ్యడానికి వీల్లేదు. మిత్రపురుగుల గురించి కూడా నాలుగు మాటలు వడ్డించాను. పని బాగా చేశానని నాకు ఎంత తృప్తో!

కొన్ని వారాలకి ఒక ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. నల్లపాడులో కాపురం ఉండేది, ఒక వ్యవసాయ కళాశాలలో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పేది. ఒక శిక్షణ తరగతిలో పరిచయం. నాకు ఇంగ్లీషు బాగా వచ్చని ఎవరో చెప్పారట, అప్పటినుంచీ అప్పుడప్పుడూ ఏదో ఒకటి దిద్దించుకోవడానికి వచ్చేది. ఆ రోజు రావడం రావడమే సంచీలోంచి కాగితాలు తీసి బల్ల మీద దబ్బున పడేసింది.

"చూడండి మేడమ్, ఎంత అన్యాయమో! మొదటాయన బాగుంది వేసుకోమని ఒక్క ముక్కలో రాశాడు. ఈ రెండో రివ్యూయర్ మహానుభావుడు ఏం రాశాడో చూడండి."

చూశాను. మందు కొట్టని సాళ్ళకి ఎవరో మందు కొట్టారు. అక్షరం పొల్లుపోకుండా నేను రాసిందే.

"నేను దగా చేశానంటాడా? కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం మేడమ్ వీడు! ఢిల్లీలో ఏసీ గదిలో కూర్చుని రాసుంటాడు. జన్మలో మిరప చేలో కాలు పెట్టుండడు. మిరపకాయ చెట్టుకి కాస్తుందో భూమిలో ఊరుతుందో కూడా తెలియదు ఈయనకి."

కాయలు కోసి కోసి పెళ్ళికి ముందే చేతులు బొబ్బలెక్కిన దాన్ని నేను. ఆ చేతుల్తోనే టీ కప్పు ముందుకి జరిపాను.

"ఆయనే అని ఎందుకనుకుంటున్నావు? ఆవిడ కావచ్చుగా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఛ, ఆడవాళ్ళకి ఇంత కుళ్ళుంటుందా మేడమ్!"

పక్కన మా ఆయన మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు వణుకుతోంది. కాసేపటికి గొంతు సవరించుకుని, "ఏమ్మా, ఆ మహానుభావుడికి పెళ్ళయి ఉంటుందంటావా? ఇంట్లోవాళ్ళు ఎలా భరిస్తున్నారో!" అన్నాడు.

"అదే నేనూ అనుకున్నానండీ. పాపం ఆ ఇల్లాలు!" అంది ఆ అమ్మాయి మనస్ఫూర్తిగా.

మా ఆయన దగ్గొచ్చినట్టు నటిస్తూ పెరట్లోకి పారిపోయాడు. వెళ్ళినవాడు చాలాసేపు రాలేదు.

అంతలో ఆ అమ్మాయి గొంతు మారింది. ఎన్నో ఏళ్ళ తర్వాత పర్మనెంటు పోస్టులు పడ్డాయట. వచ్చే నెలలోనే ఇంటర్వ్యూ. చేతిలో ఒక్క పేపరు, అచ్చుకు తీసుకున్నామని సంపాదకుడి ఉత్తరం ఉంటే చాలు, వచ్చేస్తుంది. లేకపోతే మళ్ళీ ఎప్పుడు పడతాయో దేవుడికే తెలియాలి. ఏటేటా కాంట్రాక్టు రాస్తారో లేదోనని ఎదురుచూడటం, పక్క గదిలో కూర్చునేవాళ్ళతో సమానంగా పాఠాలు చెప్పి సగం మనిషిలా బతకడం తనవల్ల కాదంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని నాకనిపించింది.

"మీరు మంచి ఇంగ్లీషులో ఆయనకి చెంప పగిలేటట్టు జవాబు రాసిపెట్టాలి మేడమ్. మర్యాదగానే పగలాలి."

నా చెంప పగిలేటట్టు నేనే రాయాలన్నమాట. రెండో రివ్యూయర్ని నేనేనని చెబుదామా అంటే ఈ పనిలో మొదటి నియమమే చెప్పకూడదని. కక్కలేక మింగలేక కూర్చున్నాను.

"రాద్దాంలే. రాసేముందు ఒక్కసారి ఆ రైతుని అడిగొద్దాం పద" అన్నాను.

"అంటే మీరు కూడా ఆయన పక్షమేనా?"

"నేనెవరి పక్షమూ కాదమ్మా. రైతు కొట్టలేదన్నాడనుకో, ఆ మాటే రాద్దాం. అప్పుడు ఆయనగారి నోరు మూతపడుతుంది."

నా నోరు మూయించడానికి నేనే దర్శి మీదుగా పోయే పొదిలి బస్సెక్కాను. దారంతా కల్లాల్లో కాయలు ఎండుతున్నాయి, బస్సులో ఒకరు తుమ్మితే ఇంకొకరు అందుకుంటున్నారు. ఆ అమ్మాయి మాత్రం కిటికీ పక్కన కూర్చుని రెండో రివ్యూయర్ మీద కొత్త కొత్త తిట్లు కనిపెడుతూనే ఉంది. కొన్ని నిజంగా బాగున్నాయి.

బస్సు దిగగానే రోడ్డు పక్కనే ఆయన చేను. పెద్దమనిషి, పంచె ఎగ్గట్టి కల్లంలో కాయలు తిరగేస్తున్నాడు. మమ్మల్ని చూసి అక్కణ్ణించే కేక వేశాడు.

"ఓయమ్మో, కాలేజీ మేడమ్ గారే! ఏందమ్మా ఇట్టా చెప్పాపెట్టకుండా! ఒసేయ్, మజ్జిగ తీసుకురా, అమ్మాయి వచ్చింది!"

ఆయన భార్య చెంబులో మజ్జిగ తెచ్చింది. అది తాగాక ఆ అమ్మాయి మొహమాటంగా అడిగింది. "బాబాయ్, పోయినేడు రోడ్డు పక్క సాళ్ళకి ఏమీ కొట్టొద్దన్నా కదా. మీరేమన్నా కొట్టారా?"

ఆయన ఒకసారి భార్య వంక చూశాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన ఛాతీ ఇంత వెడల్పు చేసుకున్నాడు.

"కొట్టకుండా ఎట్టా ఉంటానమ్మా? పూత దాకా ఓర్చుకున్నా. నువ్వు చెప్పావు గదా అని. ఆ పైన నావల్ల కాలా. రోడ్డు పక్కనాయె. మా బావమరిది బస్సు దిగి, ఏం బావా, ఈయేడు చేనుకి తద్దినం పెడతన్నావా అన్నాడు. ఊళ్ళో తల ఎత్తుకోనిచ్చాడా!"

"అయితే మా బాబాయి పరువు కోసం కొట్టారన్నమాట" అంది ఆ అమ్మాయి సన్నగా.

"నా పరువుదేముందిలే. అసలు సంగతి నీ కోసమమ్మా! ఆడపిల్లవి, అంత దూరం నుంచి బస్సుల్లో పడి వస్తన్నావు. నీ సాళ్ళు అట్టా మాడిపోయి ఉంటే పైవాళ్ళొచ్చి చూసి నిన్నేమంటారు? ఉద్యోగం ఉంచుతారా? మా ఆడది రోజూ పోరు, ఆ పిల్ల కొంప కూలుద్ది, కాస్త కొట్టయ్యా అని. అందుకని నువ్వు అటు బస్సెక్కగానే ఇటు మందు కలిపేవాణ్ణి. నీకు చెబితే మొహమాటపడతావని చెప్పలా. ఎట్టా ఉన్నయ్ చివరికి? చూశావుగా, నవనవలాడలా?"

"నవనవలాడాయి బాబాయ్" అంది.

ఆ మాట అన్నప్పుడు ఆ అమ్మాయి మొహం చూడలేకపోయాను. ఆ దంపతులిద్దరూ ఎంత సంతోషంగా ఉన్నారో! ఆ పిల్ల ఉద్యోగం నిలబెట్టామని వాళ్ళ ధీమా. వాళ్ళని ఒక్క మాట అనడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు. పైగా వెళ్ళేటప్పుడు చెరో సంచీ ఎండు మిరపకాయలు కట్టిచ్చారు. వద్దంటే ఆ అమ్మ ఊరుకోలేదు.

తిరుగు బస్సులో ఆ అమ్మాయి ముందు పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది, తుడుచుకుంటూ తుడుచుకుంటూ ఏడ్చింది. మిరపకాయల ఘాటని చుట్టుపక్కలవాళ్ళు అనుకున్నారు. కాసేపటికి నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"మేడమ్, ఇది మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు కదా. రైతుని అడిగాం, కొట్టలేదన్నాడు అని రాసేస్తే? ఆ రివ్యూయర్ ఢిల్లీ నుంచి వచ్చి చూస్తాడా?"

ఢిల్లీ నుంచి రానక్కర్లేదు తల్లీ, నీ సీట్లో సగం ఆక్రమించుకుని కూర్చుంది అనాలని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నేనెవరికీ చెప్పను. కానీ ఆ వాక్యం నన్ను రాసిపెట్టమంటే మాత్రం రాయను" అన్నాను.

ఆ అమ్మాయి చిలకలూరిపేట దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. నాకు భయమేసింది, కోపమొచ్చిందేమోనని. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టుగా అంది. "పూత దాకా కొట్టలేదన్నాడుగా. అక్కడిదాకా ఉన్న లెక్కలు నిజమే. వాటితోనే రాస్తా. తర్వాత ఏం జరిగిందో కూడా రాస్తా. పెద్ద పేపరు కాస్తా చిన్న ముక్కవుతుంది. అవనీ."

ఆ అమ్మాయిని అక్కడికక్కడే ముద్దు పెట్టుకోవాలనిపించింది. కండక్టరు చూస్తున్నాడని ఊరుకున్నాను.

నాలుగు రోజుల్లో తిరగరాసి పంపింది. పెద్దాయన యథాప్రకారం పేరు మీద తెల్లరంగు పూసి ఆ కవరు నాకే పంపాడు. విప్పి చదివాను. నిజాయితీగా ఉంది. చిన్నదే గానీ ముచ్చటగా ఉంది. రైతు మందు కొట్టిన సంగతి కూడా దాచకుండా, అతన్ని చిన్నబుచ్చకుండా రాసింది. పెన్ను తీశాను. కాగితం మీద పెట్టలేకపోయాను. ఈ పిల్ల మా ఇంట్లో టీ తాగింది. ఈ పిల్ల పక్కన కూర్చుని పొదిలి దాకా వెళ్ళొచ్చాను. ఇప్పుడు ఇది బాగుందని నేనంటే, బాగుండబట్టి అన్నానో ఆ బస్సులో ఏడుపు చూసి అన్నానో నాకే తెలియడం లేదు.

హైదరాబాదుకి ఫోను చేశాను. "అయ్యా, దీన్ని రాసిందెవరో నాకు తెలిసిపోయింది. బాగా కావలసిన పిల్ల. దీని బాగోగులు నేను చెప్పకూడదు, ఇంకెవరికైనా పంపండి. ఇకముందు కూడా ఈ అమ్మాయి రాసినవేవీ నాకు పంపకండి" అన్నాను.

పెద్దాయన గట్టిగా నవ్వాడు. "అమ్మా, మిరప మీద రాసేవాళ్ళు, చదివేవాళ్ళు, పండించేవాళ్ళు అంతా మీ గుంటూరు చుట్టుపక్కలే. ఒకరినొకరు ఎరగని రివ్యూయర్ కావాలంటే బ్రెజిల్ నుంచి దింపుకోవాలి. వాళ్ళు మాత్రం ఊరికే వస్తారా? ఆ అమ్మాయి ఇంటర్వ్యూ ఉందని నాకూ ఉత్తరం రాసింది. నువ్వు ఇప్పుడు ఊఁ అను, రేపు పొద్దున్నే కాగితం పంపించేస్తా. ఇంకొకరికి పంపితే ఎప్పటికొస్తుందో నా చేతుల్లో లేదు."

ఊఁ అంటే చాలు. ఒక్క ఊఁ. అనలేదు. అనలేనని చెప్పి ఫోను పెట్టేశాను.

మా ఆయన అంతా విన్నాడు. ఈసారి నవ్వలేదు. "నీ నియమాలు మండిపోనూ! ఆ పిల్ల కొంప ముంచావు కదే" అన్నాడు. ఆ పూట ముద్ద దిగలేదు. నేను చేసింది న్యాయమేనని ఇప్పటికీ అంటాను, గానీ ఆ పూట ఆ న్యాయాన్ని చూస్తే నాకే అసహ్యమేసింది.

ఇంటర్వ్యూ నాటికి కాగితం రాలేదు. పోస్టు ఇంకెవరికో వెళ్ళింది. ఆ అమ్మాయి రెండు నెలలు మా గడప తొక్కలేదు. కనిపెట్టేసిందేమో, నా మొహం చూడకూడదనుకుందేమో అని రోజూ అనుకునేదాన్ని. తీరా ఒక సాయంత్రం మిఠాయి పొట్లంతో వచ్చింది. చిన్న పేపరు అచ్చుకు తీసుకున్నారట. ఆలస్యంగా వచ్చిన ఆ ఉత్తరం సంచీలోనే ఉంది.

"ఆ పోస్టు చేజారిందని బాధ లేదా?" అన్నాను.

"ఎందుకుండదు మేడమ్! వారం రోజులు మంచం దిగలేదు. ఆ రెండో రివ్యూయర్ని తలుచుకుని తలుచుకుని ఏడ్చాను. తర్వాత కాగితాలు అవతల పారేద్దామని తీసి, ఆయన రాసింది మళ్ళీ చదివాను. మా గైడు సంతకం పెట్టాడుగానీ చదవలేదు. మొదటి రివ్యూయర్ బాగుందన్నాడు, చదవలేదు. మా ఆయనకి ఆ ఇంగ్లీషు చూస్తే నిద్రొస్తుంది. ఆయనొక్కడే మేడమ్. ప్రతి అంకె దగ్గరా ఆగి చదివాడు. నా చేలో ఏం జరిగిందో నాకంటే ముందు ఆయనకి తెలిసింది. నేను అంత కష్టపడి చేసింది ఈ లోకంలో ఒక్క మనిషి చదివాడు."

నా చేతిలో మిఠాయి అలాగే ఉండిపోయింది.

"ఈ ఏడు మళ్ళీ వేస్తున్నా. ఎలా చెయ్యాలో రాసుకున్నా కూడా. ఇది పంపినప్పుడు మళ్ళీ ఆయనకే వెళ్ళేటట్టు చెయ్యొచ్చా మేడమ్? మీకు ఆ సంపాదకుడు గారు తెలిసే ఉంటారుగా, ఒక మాట చెప్పరూ?"

ఈ అమ్మాయి రాసినవేవీ నాకు పంపకండి అని నా నోటితో నేనే చెప్పాను.

"అది కుదరదమ్మా. ఇంకెవరికో వెళుతుంది" అన్నాను.

"అవునులెండి" అంది. చాలా దిగులుగా అంది.

"ఏదీ, ఆ రాసుకున్నది ఇటు తే. నేను చూస్తాను."

సంచీ ఒళ్ళోకి లాక్కుంది. "వద్దులెండి మేడమ్, ఏమనుకోకండి. మీకు నేనంటే అభిమానం. అన్నీ బాగున్నాయంటారు."

పెరట్లో మళ్ళీ మా ఆయనకి దగ్గొచ్చింది.

"ఇటు తే అంటున్నానా!" అని లాక్కున్నాను. కళ్ళజోడు పెట్టుకుని, ఎర్ర పెన్ను తీసి, మొదటి పేరా అడ్డంగా కొట్టేశాను. మిరప కారంగా ఉంటుందని లోకానికి ఈవిడగారు చెప్పాలా? రెండో పేరాలో నేనడిగిన దేనికీ జవాబు లేదు, మూడోదాంట్లో అసలు సంగతే లేదు. ఒక్కొక్కటే గీస్తూ అడుగుతూ పోయాను. ఆ అమ్మాయి ముందు బిత్తరపోయింది, తర్వాత మొహం మాడ్చుకుంది, తర్వాత కోపంగా నాకు ఎదురు జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. టీ చల్లారిపోయింది.

"ఇక చాలు మేడమ్, చీకటి పడుతోంది" అని లేవబోయింది.

"కూర్చో, ఇంకా రెండో పేజీ ఉంది" అన్నాను.